సిలికాన్ ముక్కు ఒక్కసారి ఇస్తే సరిపోదు

సిలికాన్‌తో చేసిన ముక్కు ఏడాది, మహా అయితే రెండేళ్లు పనికొస్తుంది. ఆ తర్వాత రంగు వెలుస్తుంది, చర్మంలో కలిసిపోయేలా పలుచగా తీసిన అంచులు చిరుగుతాయి. క్యాన్సర్‌తోనో ప్రమాదంలోనో బ్లాక్ ఫంగస్‌వల్లనో ముఖంలో ఒక భాగం పోగొట్టుకున్నవారికి కృత్రిమ భాగాన్ని ఒకసారి అమర్చి చేతులు దులుపుకుంటే కుదరదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

నేను దంతవైద్యురాలిని. పళ్ల సెట్లు కట్టే మా శాఖలోనే ముక్కు, చెవి, కంటిగుంట కూడా చేస్తామంటే చాలామంది నమ్మరు. ముఖానికి కొలత తీసి, మైనంతో ముక్కు చెక్కి, మనిషికి పెట్టి చూసుకుని, రాతిపొడితో అచ్చు పోస్తాం. అసలు కష్టం రంగు దగ్గర. కిటికీ పక్కన పగటి వెలుతురులో మనిషిని కూర్చోబెట్టి, సిలికాన్‌లో పసుపు, ఎరుపు, గోధుమ రంగులు చుక్క చుక్కగా కలుపుతాం. సన్నని రక్తనాళాలు కనబడేందుకు ఎర్రటి నూగు దారాలు వేస్తాం. పొలం పనికి వెళ్లే మనిషి ముఖం సంక్రాంతికి ఒక ఛాయలో ఉంటే మే నెలకు ఇంకో ఛాయకు తిరుగుతుంది. అలాంటివారికి రెండు ముక్కులు చేసివ్వాలి, ఎండాకాలానికొకటి, చలికాలానికొకటి.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మైనపు ముక్కును అద్దంలో చూసుకుని, "పుడకకు బెజ్జం పెడతారా అమ్మా?" అని అడిగింది. పెట్టాం. చిరగకుండా లోపలివైపు సన్నని నైలాన్ వల వేశాం. పుడకతో మనవరాలి పెళ్లికి వెళ్లింది. రెండో వేసవి నాటికి ముక్కు పాలిపోయింది. కొత్తదానికి డబ్బు లేక మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ముక్కును మేం సరిగానే చేశాం, ఆమె జాగ్రత్తగానే వాడుకుంది. ఆ పదార్థం ఆయుష్షే అంత.

మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో అన్నా కోల్‌మన్ లాడ్ అనే శిల్పి పారిస్‌లో సైనికులకు పలుచని రాగి ముసుగులు చేసి, వాళ్ల ముఖాలమీదే ఉంచి రంగు వేసేది. రాగి మనిషితోపాటు నవ్వదు. తర్వాత వచ్చిన అక్రిలిక్ కూడా గట్టిదే, కంటిగుడ్డుకు మాత్రం ఇప్పటికీ అదే మేలు. 1960ల నుంచి వాడుకలోకి వచ్చిన సిలికాన్ చర్మంలా మెత్తన, ఒంటికి పడుతుంది. కానీ ఎండకు, చెమటకు, చర్మపు జిడ్డుకు, రోజూ పూసి తీసే జిగురుకు లొంగిపోతుంది. మన మే నెల ఉక్కలో జిగురు మధ్యాహ్నానికే జారుతుంది. ఎముకలో టైటానియం ఇంప్లాంట్ వేసి అయస్కాంతంతో నిలబెట్టవచ్చు. అయితే ఖర్చు ఎక్కువ, రేడియేషన్ తగిలిన ఎముకలో అది పట్టు తప్పే ముప్పూ ఎక్కువే.

2021లో బ్లాక్ ఫంగస్ సోకినప్పుడు ప్రాణం దక్కించడానికి ఎందరికో కన్ను, రెప్పలతో సహా తీసేశారు. రెండో కన్ను బాగుంటే మన లెక్కల్లో అది 30 శాతం వైకల్యం. చాలా పథకాలకు 40 శాతం ఉండాలి. ఆ లెక్క చూపుది, ముఖానిది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితులను గుర్తించింది, అది మంచి పని. క్యాన్సర్‌తో ముక్కు పోయిన మనిషికి ఆ జాబితాలో చోటు లేదు. బస్సులో పక్క సీటు ఖాళీగా మిగిలేది ఇద్దరికీ ఒకేలా కదా!

ఆరోగ్యశ్రీలో డయాలసిస్ మళ్లీ మళ్లీ చేస్తున్నాం. ఒకసారి చేశాం కాబట్టి చాలని ఎవరూ అనరు. ముఖ భాగాలకూ అదే పద్ధతి కావాలి: రెండేళ్లకోసారి, ఎండల్లో పనిచేసేవారికి ఏడాదికోసారి, అడగకుండానే కొత్తది. ప్రభుత్వ దంత కళాశాలల్లో మెడికల్ సిలికాన్‌కు, రంగులకు విడిగా పద్దు ఉండాలి. మొదటిసారి పోసిన అచ్చును పేరు రాసి భద్రపరిస్తే రెండో ముక్కును మళ్లీ మొదట్నుంచి చెక్కాల్సిన పని ఉండదు, ఊరి నుంచి అన్నిసార్లు తిరగాల్సిన అవస్థా తప్పుతుంది. ఆ అచ్చులు పెట్టుకోవడానికి కావాల్సింది ఒక బీరువా, దానికో రిజిస్టరు.