పంట కళ్లంలో ఉండగా పండుగ చేసుకోరాదా?

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత తెలియని పల్లె లేదు. చేతికి రానిదానిని తలచుకుని సంబరపడేవారిని పెద్దలు ఈ ఒక్క మాటతో కూర్చోబెడతారు. అమెరికా, కెనడా దేశాలలోని ఐస్ హాకీ అభిమానులకు కూడా ఏటా మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి ఇటువంటి దెప్పిపొడుపే ఎదురవుతున్నది. తమ జట్టు డివిజన్ టైటిల్ గెలిచిందని వారు కేరింతలు కొడితే, అసలు కప్పు ఇంకా మిగిలే ఉన్నది కదా, అప్పుడే ఈ గోల ఎందుకని తక్కిన ఊళ్లవారు ఎగతాళి చేస్తారు. ఈ ఎగతాళి ఎంతవరకు న్యాయం? మన సామెత వారికి నిజంగా అతుకుతుందా? ఇది ఆలోచించదగిన విషయమే.

ఎక్కడో మంచులో ఆడే ఆట సంగతి మన పల్లెలకు ఎందుకని కొందరు అనవచ్చు. మన ఊళ్ల నుంచి చదువుకుని వెళ్లిన పిల్లలు బోస్టన్, డల్లాస్ వంటి నగరాలలో కాపురాలు ఉంటున్న సంగతి విదితమే. ఆ నగరాలకు పేరుమోసిన ఐస్ హాకీ జట్లు ఉన్నాయి. అది అటుంచినా, గౌరవం పడిన పాటుకా, వచ్చిన ఫలితానికా అన్న ప్రశ్న సేద్యం చేసేవానికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఈ గొడవలో ఉన్న ప్రశ్న కూడా అదే.

డివిజన్ అంటే...

మన హైస్కూలు మైదానాలలో ఆడే హాకీలో జట్టుకు 11 మంది. ఐస్ హాకీలో గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురే బరిలో ఉంటారు. బూట్ల అడుగున ఉక్కు పట్టీలు బిగించుకుని గడ్డకట్టిన మంచు మీద జారుతూ ఆడతారు. బంతికి బదులు పక్ అనే నల్లని రబ్బరు బిళ్ల ఉంటుంది. ఈ ఆటకు పెద్ద పోటీ నేషనల్ హాకీ లీగ్. అందులో 2021 నుంచి 32 జట్లు ఉన్నాయి. జిల్లాను రెవిన్యూ డివిజన్లుగా విడగొట్టినట్లే ఈ జట్లను ఎనిమిదేసి చొప్పున నాలుగు డివిజన్లుగా విడగొట్టారు.

అక్టోబరులో మొదలైన ఆట ఏప్రిల్ దాకా సాగుతుంది. ఇక్కడ చెప్పుకొనబోయే సీజనులలో చాలావాటిలో ఒక్కొక్క జట్టు 82 మ్యాచ్‌లు ఆడింది. గెలిస్తే రెండు పాయింట్లు. అదనపు సమయంలో ఓడితే ఒక పాయింటు. డివిజన్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుదే టైటిల్. ఆరు నెలల చలిలో, వందల మైళ్ల ప్రయాణాలు చేస్తూ, దెబ్బలు తగిలినవారిని మార్చుకుంటూ నిలబడితేనే అది దక్కుతుంది.

కాగా అసలు పరీక్ష ఆ తరువాతనే. 16 జట్లు ప్లేఆఫ్స్‌కు వెళతాయి. అక్కడికి వెళ్లాక పాత పాయింట్లు చెల్లవు. ఇద్దరు ప్రత్యర్థులు తలపడి, ఏడు మ్యాచ్‌లలో ముందుగా నాలుగు గెలిచినవారు నిలుస్తారు, రెండవవారు ఇంటికి పోతారు. ఇటువంటి అంచెలు నాలుగు. అన్నీ దాటి 16 విజయాలు సాధించిన జట్టుకు స్టాన్లీ కప్. కెనడా గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ స్టాన్లీ 1892లో ఇచ్చిన కప్పు అది. గెలిచిన ఆటగాళ్ల పేర్లు ఆ కప్పు మీదనే చెక్కుతారు. డివిజన్ గెలిచినవారి పేర్లు దాని మీద ఎవరూ చెక్కరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

బోస్టన్‌లో జరిగినది

2022-23 సీజనులో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు 82 మ్యాచ్‌లలో 65 గెలిచింది. 135 పాయింట్లు తెచ్చుకుంది. 1976-77లో మాంట్రియల్ జట్టు నెలకొల్పిన 132 పాయింట్ల రికార్డు 46 ఏళ్ల తరువాత చెరిగిపోయింది. డివిజన్ టైటిల్‌తో పాటు మొత్తం లీగ్‌లో ప్రథమ స్థానానికి ఇచ్చే ప్రెసిడెంట్స్ ట్రోఫీ కూడా బోస్టన్‌దే. ఆ ఊరివారు పొంగిపోయారంటే వారిని తప్పుపట్టగలవారు ఎవరు?

ప్లేఆఫ్స్ తొలి అంచెలో వారికి ఎదురుపడినది ఫ్లోరిడా పాంథర్స్. ఆ జట్టు పాయింట్లు 92. అంటే 43 పాయింట్ల తేడా. చివరి చోటులో ఎట్లాగో దూరి వచ్చిన జట్టు అది. మొదటి నాలుగు మ్యాచ్‌లలో మూడు బోస్టన్ గెలిచింది. ఇక ఒక్కటి గెలిస్తే చాలు. ఆ ఒక్కటి రాలేదు. వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయారు. 2023 ఏప్రిల్ 30న ఏడవ మ్యాచ్ సొంత గడ్డ మీదనే జరిగింది. 3-2తో ముందున్న బోస్టన్ మీద ఆట ఇంకా ఒక నిమిషంలో ముగుస్తుందనగా ఫ్లోరిడావారు స్కోరు సమం చేశారు. అదనపు సమయంలో కార్టర్ వెర్‌హేగీ కొట్టిన గోల్‌తో ఆరు నెలల కథ ముగిసింది. వెన్నునొప్పితో మొదటి నాలుగు మ్యాచ్‌లకు దూరమైన కెప్టెన్ పట్రీస్ బెర్జరాన్ ఆ జూలైలో ఆటకే స్వస్తి చెప్పారు.

ఇది ఒక్క బోస్టన్ గతి కాదు. 2018-19లో టాంపా బే లైట్నింగ్ 62 మ్యాచ్‌లు గెలిచి 128 పాయింట్లు సాధించింది. అంతవరకు ఒక్క ప్లేఆఫ్స్ అంచె కూడా దాటి ఎరుగని కొలంబస్ బ్లూ జాకెట్స్ చేతిలో తొలి అంచెలోనే 4-0తో ఓడిపోయింది. మొదటి మ్యాచ్‌లో మూడు గోల్స్ ముందుండి కూడా నిలుపుకోలేకపోయింది. బోస్టన్‌ను మట్టి కరిపించిన ఫ్లోరిడాకు కూడా అంతకు ముందు ఏడు, అంటే 2022లో, ఇటువంటి అనుభవమే. లీగ్‌లో ప్రథమ స్థానంలో నిలిచి, రెండవ అంచెలో టాంపా చేతిలో 4-0తో ఓడింది. 2006 నుంచి 2025 వరకు జరిగిన 20 సీజనులలో ప్రెసిడెంట్స్ ట్రోఫీ తెచ్చుకుని ఆ ఏడే స్టాన్లీ కప్ కూడా గెలిచిన జట్లు రెండే. 2008లో డెట్రాయిట్, 2013లో షికాగో. ఇటు చూస్తే, 2012లో ఎనిమిదవ స్థానంతో లోపలికి వచ్చిన లాస్ ఏంజెలిస్ కింగ్స్ కప్పు ఎగరేసుకుపోయింది.

కారణాలు లేకపోలేదు

దీనికి కారణాలు స్పష్టమే. 82 మ్యాచ్‌లలో అదృష్టం ఒకనాడు ఇటు, ఒకనాడు అటు మొగ్గి చివరకు సరితూగుతుంది. ఏడు మ్యాచ్‌లలో అట్లా సరితూగే వ్యవధి ఉండదు. గోల్స్ తక్కువగా పడే ఆట కనుక ఎవరి కాలికో తగిలి దారి మళ్లిన ఒక్క రబ్బరు బిళ్ల మ్యాచ్ తలరాత మార్చేస్తుంది. ఎదుటి గోల్‌కీపర్ పది రోజులు పూనకం వచ్చినట్లు ఆడితే ఎంత గొప్ప జట్టయినా చేతులెత్తవలసిందే. పైగా 2005 నుంచి ఆటగాళ్ల జీతాలకు ఒక్కొక్క జట్టు పెట్టే ఖర్చుకు హద్దు ఏర్పరచారు. దానితో డబ్బున్న జట్టు మేటివారినందరినీ కొనేసుకునే వీలు తగ్గింది. మొదటివానికీ పదహారవవానికీ మధ్య దూరం పట్టికలో కనిపించినంత ఉండదు.

డివిజన్ గెలుపుకు ప్లేఆఫ్స్‌లో లాభం లేదా అంటే కొంత ఉన్నది. తొలి అంచెలో ఏడు మ్యాచ్‌లు జరిగితే నాలుగు సొంత ఊరిలో ఆడవచ్చు. అయితే బోస్టన్ సొంత ఊరిలో ఆడిన నాలుగింటిలో మూడు ఓడిపోయిందన్నది గమనార్హం.

ఇవన్నీ చూసిన పాతకాపులు ముందుగా సంబరం చేసుకుంటే కీడు అంటారు. ఆటగాళ్లలో కూడా ఈ నమ్మకం బలంగా ఉన్నది. స్టాన్లీ కప్ ఫైనల్‌కు చేరిన జట్లకు ఒక్కొక్కదానికి ఒక ట్రోఫీ ఇస్తారు. దానిని చేతితో తాకితే పెద్ద కప్పు రాదని చాలామంది కెప్టెన్లు పక్కన నిలబడి ఫొటో తీయించుకుని వెళ్లిపోతారు. అయితే 2018లో వాషింగ్టన్ క్యాపిటల్స్ కెప్టెన్ అలెగ్జాండర్ ఒవెచ్కిన్ ఆ ట్రోఫీని రెండు చేతులా ఎత్తారు. ఆ ఏడు కప్పు కూడా వాషింగ్టన్‌కే వచ్చింది. 2016లో 120 పాయింట్లు, 2017లో 118 పాయింట్లు తెచ్చుకుని రెండుసార్లూ రెండవ అంచెలో ఓడిన జట్టు, 2018లో 105 పాయింట్లతో డివిజన్ గెలిచి తన చరిత్రలో తొలి కప్పు అందుకుంది. కాబట్టి సంబరం వల్ల కీడు వస్తుందనడం పిల్లి ఎదురైతే పని చెడుతుందనడం వంటిదే.

నాష్‌విల్ జెండాలు

నాష్‌విల్ ప్రిడేటర్స్ జట్టు 1998లో ఆట మొదలుపెట్టింది. తొలి డివిజన్ టైటిల్ 2018లో వచ్చింది. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన టైటిల్ అది. ఆ ఏడు లీగ్‌లో కూడా ప్రథమ స్థానం వారిదే. ప్లేఆఫ్స్ రెండవ అంచె ఏడవ మ్యాచ్‌లో సొంత ఊరిలోనే విన్నిపెగ్ చేతిలో ఓడిపోయారు. అయినా తరువాతి సీజను మొదట్లో తమ స్టేడియం కప్పుకు ఆ ఏటి విజయాల జెండాలు వేలాడదీసుకున్నారు. కప్పు గెలవకుండానే జెండాలా అని దేశమంతా నవ్వింది.

ఆ నవ్వు న్యాయమైనది కాదు. ఇరవై ఏళ్లుగా టిక్కెట్టు కొని, చలిలో పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, ఓడినా గెలిచినా చప్పట్లు కొట్టిన మనిషికి ఆ టైటిల్ సోమలింగం కాదు. అది పుట్టినది, కళ్లెదుట ఉన్నది, ఎవరూ తీసేయలేనిది. చివరి పది రోజుల ఓటమితో ముందరి ఆరు నెలల పని వట్టిదైపోతుందనడం, తుపానుకు పంట పోయిన రైతును నీకు సేద్యమే రాదనడం వంటిది. అంతకంటే అన్యాయం ఏమున్నది?

మన పల్లెల ఆచారమే చూడవచ్చు. జ్యేష్ఠ పౌర్ణమినాడు ఏరువాక సాగుతారు. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పసుపు కుంకుమలు పెడతారు. అప్పటికి గింజ మొలవలేదు, వాన పడుతుందో లేదో తెలియదు. అయినా పండుగ చేస్తారు. అది ధాన్యానికి చేసే పండుగ కాదు, పనికి, పనిచేసే పశువుకు చేసే పండుగ. పంట కళ్లంలోకి వచ్చాక కూడా రైతు సంతోషిస్తాడు. కార్తీకంలో తుపాను రావచ్చునని తెలిసీ సంతోషిస్తాడు. కానీ కుప్ప మీద పరదా కప్పడం మరిచిపోడు. హాకీ అభిమానికి చెప్పవలసిన బుద్ధి కూడా ఇంతే.

హద్దు దాటితేనే ముప్పు

సంబరం తప్పుదారి పట్టే చోట్లు రెండున్నాయి. ఒకటి, డివిజన్ గెలిచాం కనుక కప్పు మాదేనని ఎదుటి జట్టును కించపరచడం. 92 పాయింట్ల జట్టును చులకన చేసినవారికి ఫ్లోరిడా చెప్పిన సమాధానం చాలు. 2024, 2025 సంవత్సరాలలో వరుసగా స్టాన్లీ కప్ గెలిచినది కూడా ఆ ఫ్లోరిడాయే.

రెండవది పందెం. బోస్టన్ ఉన్న మాసాచుసెట్స్ రాష్ట్రంలో ఆటల పందాలకు చట్టబద్ధంగా తలుపులు తెరచినది 2023 తొలి నెలలలోనే. సెల్‌ఫోనులో పందాలు మార్చిలో మొదలయ్యాయి. ఏప్రిల్ చివరలో బోస్టన్ ఓడింది. 65 విజయాలు చూసి ధీమాగా డబ్బు కాసినవానికి ఆ ఓటమి వట్టి బాధతో పోలేదు. క్రికెట్ పందాలలో పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలను చూసిన మన పల్లెలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చప్పట్లు కొట్టినవాడు ఓడినా లేచి ఇంటికి పోతాడు. పందెం కాసినవాడికి ఇల్లే ఉండదు.

ఓటమి తరువాత ఏమి చేశారన్నది కూడా చూడాలి. 2019లో నగుబాటు పాలైన టాంపా జట్టు చెదిరిపోలేదు. 2020లో, 2021లో వరుసగా కప్పు గెలిచింది. 128 పాయింట్లు తెచ్చిన పనితనం ఎక్కడికీ పోలేదనడానికి ఇంతకంటే రుజువు అవసరం లేదు. మన దేశంలో కూడా 2023 క్రికెట్ ప్రపంచ కప్పులో భారత జట్టు వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి, నవంబరు 19న అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఫైనల్ ఓడింది. ఆ రాత్రి చాలా ఇళ్లలో అన్నం సహించలేదు. అంతమాత్రాన ఆ పది సాయంత్రాలు పొందిన ఆనందం అబద్ధమా?

కాబట్టి డివిజన్ గెలిచిన ఊరివారు జెండా కట్టుకోవచ్చు, టోపీలు పెట్టుకోవచ్చు, మిఠాయిలు పంచుకోవచ్చు. మన సామెతను వారి మీదికి విసిరేవారు ఒక సంగతి గుర్తించాలి. వారింట కోడలు నిజంగానే కాపురానికి వచ్చింది. సోమలింగమే ఇంకా పుట్టలేదు. వచ్చిన కోడలికి హారతి ఇవ్వడం తప్పు కాదు. పుట్టని పిల్లవాడి పేర పొలం రాయడమే తప్పు.