బొమ్మలో మనుషులు చీమలంత

మొన్న సింహాద్రిపురంలో టీ అంగడి కాడ మా తమ్ముడొకడు ఫోన్ చూపించాడు. "అన్నా, అమరావతి చూడు, యాడికో పోతాది." చూశా. అసెంబ్లీ మీద 250 మీటర్ల శిఖరం, బోర్లించిన లిల్లీ పువ్వు మాదిరి. చుట్టూ నీళ్లు, పచ్చగడ్డి. కింద మనుషులు చీమలంత ఉన్నారు. నెత్తిన గంప పెట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు.

ఈ బొమ్మకూ ఒక కథ ఉంది. 2016లో జపాన్ మాకి సంస్థ ఇచ్చిన డిజైన్ ఫ్యాక్టరీ గొట్టాల మాదిరి ఉందని జనం నవ్వారు. దాన్ని పక్కనపెట్టి లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థను తెచ్చారు. 2017లో సలహాకి రాజమౌళి గారిని పిలిచారు. బాహుబలి నాకూ ఇష్టమే, దాని గురించి కాదు నా బాధ. సినిమా డైరెక్టర్‌కి డిజైన్ మీద మాట, భూమి లేని కూలోళ్లకి అప్పట్లో నెలకు 2500 పింఛను. ఎవర్ని ఏం అడిగారో, ఎవరికి ఏం ఇచ్చి సరిపెట్టారో చూడండి. శంకుస్థాపన 2015 అక్టోబర్ 22న. పనులు మళ్లీ మొదలుపెట్టింది 2025 మే 2న. పదేళ్లు బొమ్మలే తిన్నాం.

ఇంకా పెద్ద బొమ్మ సౌదీలో ఉంది. 'ది లైన్' అంట. 170 కిలోమీటర్ల పొడవు, 500 మీటర్ల ఎత్తు, 200 మీటర్ల వెడల్పు, అద్దాల గోడల మధ్య 90 లక్షల మంది. ఆ వీడియో మన గ్రూపుల్లో కూడా తిరిగింది. అందులో చూపించని సంగతి ఒకటుంది. ఆ ఎడారి హువైతాత్ తెగ వాళ్లది. నియోమ్ కోసం ఇల్లు ఖాళీ చెయ్యనని వీడియోలు పెట్టిన అబ్దుల్ రహీమ్ అల్ హువైతీని 2020 ఏప్రిల్‌లో సౌదీ బలగాలు కాల్చి చంపాయి. పోలవరం ముంపు ఊర్లు తెలిసినోళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

చేతిలో పెట్టుకునే వస్తువులదీ ఇదే వరస. హ్యూమేన్ ఏఐ పిన్ అని చొక్కాకి తగిలించుకునేది 2024లో వచ్చింది, 699 డాలర్లు. అరచేయి చాపితే దాని మీద వెలుతురుతో అక్షరాలు రాస్తుంది. చూస్తే మాయగానే ఉంటుంది. 2025 ఫిబ్రవరి 28న సర్వర్లు ఆపేశారు. కొన్నోళ్లకి రాయి మిగిలింది.

మా జేజి అరచేయి వేరే కథ. ఎరుకల మనిషి. అరవై ఏళ్లు ఈత బరిగెలతో గంపలు అల్లింది. చీనీ తోటల్లోకి ప్లాస్టిక్ క్రేట్లు వచ్చినాక గంపలు అడిగేవాళ్లు లేరు గానీ, వేళ్ల మీద గీతలు మాత్రం అప్పటికే అరిగిపోయినాయి. రేషన్ మిషన్ మీద నాలుగుసార్లు పెట్టినా ముద్ర పడదు. "రేపు రామ్మా" అంటారు.

మన వేలిముద్రలు సర్కారుకి కొత్త కాదబ్బా. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో మన మాదిరి కులాల వాళ్లను రిజిస్టర్ చేసి వేలిముద్రలు తీసుకునే అధికారం రాసిపెట్టారు. 1952 దాకా ఆ చట్టం నడిచింది. అప్పుడు దొంగలని ముద్ర తీసుకున్నారు, ఇప్పుడు ముద్ర పడలేదని బియ్యం ఆపుతున్నారు. ఆ కాలానికి అదీ సరికొత్త టెక్నాలజీయే.

నేను టెక్నాలజీకి వ్యతిరేకిని కాను. డిగ్రీలో సగం పాఠాలు ఫోన్లోనే విన్నా. నేను అడిగేది ఒకటే: కొత్తది గీసేటప్పుడు ఎవరి ఒళ్లును, ఎవరి పనిని కొలతగా పెట్టుకుంటున్నారు? జేజి ఉండేది పాత మట్టి మిద్దె. దంతెల మీద బండలు, పైన చౌడు. మే నెలలో మధ్యాహ్నం కూడా లోపల పడుకోవచ్చు. కాలనీలో సెంటున్నర స్థలంలో 1.80 లక్షలకి కట్టిన స్లాబు ఇంట్లో ఆ టైముకి ఉండలేం, వేపచెట్టు కిందికి వస్తాం. గంప అల్లడానికి కాళ్లు చాపుకునేంత వసారా కూడా అందులో లేదు.

మనోళ్లలో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఉంటే ఈ ఎండాకాలం మా ఊరికి రండి. టేపు, ఒక థర్మామీటరు తెచ్చుకోండి. ఆ మిద్దె కొలతలు తీసుకుందాం, జేజి ఉన్నప్పుడే.