గరుసు దావ ఎవరి కోసం?

లారీల రొద, టిప్పర్ల దుమ్ము లేని గరుసు దావ మీద, కొండల నడుమ, అడవి నీడన, ఏటి గట్టు వెంబడి సైకిలు తొక్కుకుంటూ పోవడం ఈనాడు అనేక దేశాల్లో పెద్ద వేడుక. ఐరోపాలో పాత కాలువ గట్లను, మూతబడిన రైలు కట్టలను ఇందుకోసం బాగు చేశారు. ఆ గాలి మన వైపు కూడా వీస్తోంది. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి, పైన సౌర ఫలకాల కప్పుతో సహా, 2023 అక్టోబరులో ప్రారంభమయింది. పట్నం ఉద్యోగి పొద్దున్నే నాలుగు మైళ్ళు తొక్కి ఒళ్ళు తేలిక చేసుకుంటే మనకు కోపమేమీ లేదు. మన ప్రశ్న ఒక్కటే: పొట్ట కోసం సైకిలు తొక్కేవాడికి దావ ఏది?

అటు తారు, ఇటు రేగడి

ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, మంత్రాలయం ప్రాంతాల్లో కూలికి పోయేవాళ్ళకు రెండు రకాల దావలున్నాయి. ఒకటి తారు రోడ్డు. ఆదోని మీదుగా పోయే 167వ నెంబరు జాతీయ రహదారి గానీ, పత్తి మార్కెట్టుకు వచ్చే ఇతర రోడ్లు గానీ లారీల కోసం వేసినవే. దాని అంచున సైకిలు తొక్కడమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారమే 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వారిలో నూటికి 19 మందికి పైగా కాలినడకన పోయేవాళ్ళు. 44 మందికి పైగా మోటారు సైకిళ్ళ మీద పోయేవాళ్ళు. కార్లవాళ్ళ కోసం రోడ్లు వెడల్పు చేస్తున్నారు, ఆ రోడ్ల మీద చచ్చేది ఎక్కువగా కారు లేనివాడు.

రెండోది నల్లరేగడి బాట. ఎండాకాలం సంగతి సరే, నాలుగు చినుకులు పడితే చాలు, ఆ మట్టి టైరుకూ మడ్డుగార్డుకూ మధ్య పిండిముద్దలా పట్టుకుంటుంది. చక్రం తిరగదు. పుల్లతో గీకి పది అడుగులు పోతే మళ్ళీ అంతే. చివరకు సైకిలు మనిషిని మోయడం పోయి, మనిషే సైకిలును మోస్తాడు. చేలో కలుపు పనులు వుండేది సరిగ్గా ఆ వానల రోజుల్లోనే. అంటే పని వున్నప్పుడు దావ వుండదు, దావ వున్నప్పుడు పని వుండదు.

కాబట్టి కూలీలు ఆటో ఎక్కుతారు. నలుగురు కూర్చోవలసిన ఆటోలో పదిమంది, పదిహేనుమంది. ఛార్జీ ఎవరి జేబులోంచి పోతుంది? కూలీ జేబులోంచే. రానూ పోనూ నలభై రూపాయలు అనుకుందాం. నెలకు ఇరవై రోజుల పనికి ఎనిమిది వందలు. కూలి రేటు పెంచమని పోరాడి సాధించిన పది రూపాయలు ఇట్లా చక్రాల కింద నలిగిపోతున్నాయి. దావ లేకపోవడం కూడా కూలి కోతే.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ముప్పై కిలోమీటర్ల దూరాన పనికి సైకిలు పనికిరాదు. సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయేవాడి బాధ సైకిలుతో తీరదు. కానీ అయిదారు కిలోమీటర్లలో వున్న చేనికి గట్టి గరుసు దావ వుంటే అరగంట పని. పక్కవూరి హైస్కూలుకు పోయే ఆడపిల్లకూ అంతే.

కాలువ గట్టు ఏం చెబుతోంది

కొత్తగా భూమి కొనకుండానే ఇలాంటి దావ మన కళ్ళ ముందే వుంది. అది తుంగభద్ర దిగువ కాలువ గట్టు. హోస్పేట డ్యాం నుంచి బళ్ళారి జిల్లా దాటి వచ్చి, మన పడమటి మండలాల మీదుగా పోయే ఈ కాలువకు బచావత్ ట్రిబ్యునల్ ఆంధ్ర వాటాగా 24 టిఎంసిలు కేటాయించింది. కాగితం మీద ఆయకట్టు లక్షా యాభై ఒక్క వేల ఎకరాలు. చివరి భూములకు నీరెంత అందుతున్నదో రైతులకు తెలిసిందే. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ప్రాంతమంతా గుండెలు చేత పట్టుకుంది.

నీటి కాలువ కొండ ఎక్కదు. నేల వాలును పట్టుకుని, మెల్లగా, దాదాపు సమతలంగా పోతుంది. అందుచేత దాని గట్టు కూడా ఎత్తుపల్లాలు లేకుండా వుంటుంది. సైకిలు తొక్కేవాడికి ఇంతకన్నా మేలైన దావ లేదు. ఫ్రాన్సులో 1681 నాటి మిడి కాలువ గట్టు గుర్రాలు పడవలను లాగడానికి వేసింది. ఈనాడు అక్కడ సైకిళ్ళు తిరుగుతున్నాయి. మన కర్నూలు-కడప కాలువను కూడా 1863-70 మధ్య ఒక ఇంగ్లీషు కంపెనీ సేద్యానికీ పడవలకూ కలిపి తవ్వింది. లాభం రాక 1882లో ప్రభుత్వానికి అంటగట్టింది. కాలువ గట్టు మనుషుల రాకపోకలకు పనికిరాదనే మాట చరిత్ర తెలియనివాళ్ళ మాట.

మరి ఇవాళ ఆ గట్టు మీద తిరుగుతున్నదెవరు? కాలువ చూసుకునే లస్కర్ల ఖాళీలు నింపరు. గరుసు, ఇసుక తోలే టిప్పర్లకు మాత్రం అడ్డుండదు. మనిషితో సహా సైకిలు బరువు తొంభై కిలోలు. నిండు టిప్పరు పాతిక టన్నుల పైమాటే. గట్టు కుంగేది, అంచు జారేది, రేపు గండి పడేది ఏ చక్రం వల్లనో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. టిప్పరును ఆపితే దావా దక్కుతుంది, గట్టూ దక్కుతుంది, చివరి రైతుకు నీరూ దక్కుతుంది. ఈ విషయంలో రైతుకూ కూలీకీ తగాదా లేదు; ఇద్దరి ప్రయోజనం ఒక్కటే.

డొంక మింగినవాళ్ళు

కాలువ లేని వూళ్ళ సంగతేమిటి? అక్కడ డొంకలున్నాయి, అంటే వుండేవి. ఈ తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలో వుండేవి. వూరి నక్షాలో బండ్ల బాట, రస్తా పోరంబోకు అని నాటి సర్వేలోనే గీత గీసి చూపారు. నక్షాలో రెండు బండ్లు పట్టే డొంక, నేల మీద చూస్తే సైకిలు కూడా పట్టని సందు. ఇరువైపులా పొలాలున్నవాళ్ళు ఏటా ఒక చాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ వచ్చారు. పేదవాడు ఒక చాలు దున్నితే, పెద్దవాడు డొంకనే దున్ని కంచె వేసి గేటు పెట్టాడు. రెంటినీ ఒక్క గాటన కట్టకూడదు. గూడు లేక రస్తా పక్కన గుడిసె వేసుకున్నవాడి మీదికి ముందు పోయి, కంచె వేసినవాడిని వదిలేసే అధికారుల పద్ధతిని ఎదిరించాలి.

చట్టం లేక కాదు. ప్రభుత్వ భూమి ఆక్రమణలను తొలగించడానికి 1905 నాటి చట్టం ఈనాటికీ వుంది. గ్రామాల ఉమ్మడి భూములను ఆక్రమణదారుల నుంచి విడిపించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ ఆదేశించింది. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలయింది. నేల మీద కనిపించని డొంక కొత్త పటంలో కూడా కనిపించకుండా పోతే, నూరేళ్ళ ఉమ్మడి హక్కు ఒక్క సంతకంతో చెల్లిపోయినట్టే. అసలు ప్రమాదం అక్కడుంది.

డొంకకు గరుసు తోలడానికి డబ్బు ఎక్కడిదంటారు. 2005 ఉపాధి హామీ చట్టం కింద కూలికి 60, సామగ్రికి 40 పాళ్ళలో ఇలాంటి పనులు చేయించే వీలుండింది. చాలా చోట్ల జరిగిందేమిటి? సామగ్రి వాటా కాంట్రాక్టరు టిప్పరుకు పోయింది. తూము వేయక, రోలింగు చేయక పరిచిన గరుసు తొలి వానకే వంక పాలయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. పని దినాలు 100 నుంచి 125 అన్నారు. ఖర్చులో నూటికి 40 రాష్ట్రం నెత్తిన పెట్టారు. సేద్యం పనుల కాలంలో 60 రోజుల దాకా పనులు నిలిపే వీలు కల్పించారు. పనులు ఎన్ని నిలిచినా డొంకలకు గరుసు, వంకలకు తూములు ముందు జాబితాలో వుండాలని గ్రామసభలో పట్టుబట్టాలి.

అడవి దావ మాట

ఉగాది ముందు కన్నడ భక్తులు వేలాదిగా మన ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా నడిచి శ్రీశైలం పోతారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవి ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం దాకా పోయే ఆ దావలో బస్సూ లేదు, లారీ లేదు. కొండ, అడవి, కింద కృష్ణ. రేపు ఏ విహార సంస్థో అక్కడ సైకిలు యాత్రలు పెడతామని రావచ్చు. అది పులుల అభయారణ్యం. అంతకన్నా ముందు చెంచుల ఇల్లు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వాళ్ళ హక్కులు తేల్చి, గ్రామసభ మాట విన్న తరువాతనే ఏదయినా. పట్నం వాళ్ళ సైకిలుకు తెరిచిన గేటు, తేనెకు పోయే చెంచుకు మూసుకోకూడదు.

అడగనిదే దావ రాదు

సైకిలు దారులకు పేరుపడ్డ హాలెండులో కూడా అవి దయతో ఇచ్చినవి కావు. 1971లో అక్కడ రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు, వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్లకు అడ్డం కూర్చుని, పిల్లల హత్యలు ఆపండని ఉద్యమం చేసిన మీదటే ప్రభుత్వాలు కదిలాయి. అంత దూరం ఎందుకు, పక్కనే తమిళనాడు పుదుక్కోట్టైలో 1991 తరువాత అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా లక్షమందికి పైగా ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. వాళ్ళలో వ్యవసాయ కూలీలు, క్వారీ కూలీలు ఎందరో. మొగుడో, బస్సో వచ్చేదాకా కూర్చోవలసిన అగత్యం పోయింది.

మన వూళ్ళలో చేయవలసింది ఇది. తహశీల్దారు కార్యాలయం నుంచి వూరి నక్షా నకలు తీయండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నక్షా చేతబట్టుకుని పదిమంది కలిసి డొంక పొడవునా నడవండి. ఎక్కడ ఎంత పోయిందో రాసుకోండి. రీసర్వే పటంలో ఆ డొంక చేరిందో లేదో చూడండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. కాలువ గట్టుకు రెండు చివరలా సైకిలు పట్టి టిప్పరు పట్టని విధంగా బండలు పాతాలనీ, మలుపుల్లో, తూముల దగ్గర గోడలు కట్టాలనీ, లస్కర్ల ఖాళీలు నింపాలనీ కాలువ ఇంజనీర్లను అడగండి. డొంకల్లో బండ్లు, ట్రాక్టర్లు తిరగాలి గనుక అక్కడ బండలు వద్దు. గట్టి గరుసు, తూములు చాలు.

దావ అంటే నేల మీద గీత మాత్రమే కాదు. కూలి డబ్బు ఇంటికి పూర్తిగా చేరే వీలు, ఆడపిల్ల చదువు ఆగకుండా సాగే వీలు, పొద్దున పోయిన మనిషి సాయంత్రం తిరిగి వచ్చే భరోసా. నక్షాలో మన తాతల కాలం నుంచీ వున్న దావను మళ్ళీ నేల మీదికి తెచ్చుకోవడం మన చేతుల్లోనే వుంది.