బుడగల్లేని పుట్టినరోజు

పుట్టినరోజు పిలుపొస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు. మా అక్కయ్య మాత్రం ‘బెలూన్లు కడుతున్నారా అండీ?’ అని అడుగుతుంది. అవతలివాళ్లు నవ్వేస్తారు. బెలూన్లు లేకుండా పుట్టినరోజేంటి అని!

వాళ్లబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడికి లేటెక్స్ పడదు. అంటే రబ్బరు చెట్టు పాల నుంచి తయారయ్యే సహజ రబ్బరన్నమాట. అందులోని ప్రొటీన్లతోనే పేచీ. పుట్టుకతోనే వెన్నులో లోపం ఉండటంతో నెలల పిల్లాడప్పటి నుంచీ ఆపరేషన్లే. గ్లవ్జులు, రబ్బరు గొట్టాలు పదేపదే తగలడంతో ఇలాంటి పిల్లల్లో ఈ అలర్జీ ఎక్కువగా కనిపిస్తుంది. సంగతి బయటపడింది మాత్రం పళ్ల డాక్టరు దగ్గర. గ్లవ్జు వేలు నోట్లో పెట్టిన కాసేపటికే పెదాలు వాచాయి. ఒళ్లంతా దద్దుర్లు, ఆపైన ఆయాసం. తొడకి ఎడ్రినలిన్ ఇంజక్షన్ పడ్డాక గానీ ఊపిరి కుదుటపడలేదు.

ఆ రాత్రే ఇల్లంతా జల్లెడ పట్టారు. వేణ్నీళ్ల సంచి, గిన్నెలు తోమే గ్లవ్జులు, జడ రబ్బర్లు, ఆఖరికి కర్రీపాయింట్ సాంబారు పొట్లానికి చుట్టే రబ్బరుబ్యాండు కూడా గుమ్మం దాటింది. పెయింటు డబ్బా మీద లేటెక్స్ అని చూసి అదీ వెనక్కిచ్చేసింది అక్కయ్య. ఆ రంగుల్లో సహజ రబ్బరు ఉండదని తర్వాత తెలిసిందిలెండి. అరటిపండు, కివీ, అవకాడోల్లో లేటెక్స్‌ని పోలిన ప్రొటీన్లుంటాయి. అందరికీ కాదుగానీ, వీడికి అరటిపండు తింటే నోరు దురద. గుళ్లో ప్రసాదం కూడా చూసి పెట్టాల్సిందే.

‘ముట్టుకోకపోతే చాలదా?’ అంటుంటారు. చాలదు. బెలూన్ల మీదా, కొన్ని గ్లవ్జుల లోపలా ఉండే పొడి ఆ ప్రొటీన్లని మోసుకుని గాల్లోకి లేస్తుంది. పీలిస్తే చాలు. పొడి గ్లవ్జుల్ని అమెరికా 2017లో నిషేధించింది కూడా. అందుకే ఇప్పుడు పళ్ల డాక్టరు దగ్గర పొద్దున మొదటి అపాయింట్‌మెంట్ వీడిదే, అదీ నైట్రైల్ గ్లవ్జులతో. బళ్లో టీచరు దగ్గర డాక్టరు రాసిచ్చిన కాగితం, ఇంజక్షనూ ఉంటాయి. ఆయాసం మొదలైతే అలర్జీ మాత్రేసి చూద్దామని ఆగకూడదు. ముందు ఇంజక్షన్, వెంటనే ఆసుపత్రి.

కిందటి నెల వాడి స్నేహితుడి తల్లి తనే ఫోన్ చేసింది. ‘రంగు కాగితాల తోరణాలు కట్టామండీ. వడ్డించేవాళ్లకీ రబ్బరు గ్లవ్జులు వద్దన్నాం. పంపిస్తారా?’

పంపింది. ఇంజక్షన్ సంచీ ఒళ్లో పెట్టుకుని, కేకు కోసేదాకా వాళ్ల మెట్ల మీదే కూర్చుంది.