బిడ్డను కూర్చోబెట్టే ముందు ఆ సీటు తిప్పి చూడండి!



నేను గుడుపల్లెలో బాడుగ కారు నడుపుతున్నాను. పోయిన ఎండాకాలంలో బెంగుళూరు నుంచి ఒక తల్లినీ, ఏడాదిన్నర బిడ్డనూ ఊరికి పిలుచుకొస్తున్నాను. బిడ్డ పిల్లల కార్ సీట్లో నిద్రపోయింది. కేజీఎఫ్ దాటినాక టీ కోసం ఆపితే లేచి ఏడుపు మొదలుపెట్టింది. తల్లి బకిల్ మీద ఎర్ర బటన్ నొక్కింది. రాలేదు. నేను రెండు బొటనవేళ్లూ పెట్టి బలంగా నొక్కాను. అయినా రాలేదు. చివరికి బెల్టులు వదులు చేసి, ఒక్కో భుజమే తప్పించి బయటికి తీశాము. అప్పటికే బిడ్డ గౌను చెమటకు తడిసి ముద్దయింది.

ఇంటికొచ్చినాక ఆ బకిల్లో హెయిర్‌పిన్ను పెట్టి గోకితే ఎండిపోయిన రాగి సరి, బిస్కెట్ పొడి పెళ్లలు పెళ్లలుగా రాలాయి. బెంగుళూరులో తెలిసినవాళ్లు వాడి ఇచ్చిన సీటు అది. స్టిక్కర్ చిరిగిపోయి ఉంది, ఏ కంపెనీదో తెలియదు. కంపెనీని అడుగుదామన్నా దారే లేదు.

ఆ రోజు కారు టీకొట్టు ముందు నిలబడి ఉంది. బోల్తా పడి పొగ లేస్తున్న కారై ఉంటే? నాకు ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే చేతులు వణుకుతాయి.

బకిల్ బిగుసుకుపోవడం ఎప్పుడో ఒకసారి జరిగే వింత కాదు. తిండి, పానీయాలు పడి బకిల్ ఊడిరావడం లేదని అమెరికాలో తల్లిదండ్రులు ఫిర్యాదులు చేస్తే, 2014లో పిల్లల సీట్లు చేసే గ్రాకో కంపెనీ 60 లక్షలకు పైగా సీట్లను రీకాల్ చేసి (అంటే లోపం ఉందని ప్రకటించి), కొత్త బకిళ్లు ఉచితంగా ఇచ్చింది. లోపం గురించి సకాలంలో చెప్పలేదని 2015లో అక్కడి ప్రభుత్వం కోటి డాలర్ల జరిమానా ఖరారు చేసింది. అక్కడ కొత్త సీటుతో ఒక కార్డు వస్తుంది. పేరు, అడ్రసు రాసి పంపితే, రేపు లోపం బయటపడినప్పుడు కంపెనీ ఆ ఇంటికే కబురు చేస్తుంది. మరి ఆ సీటు మనవాళ్ల సూట్‌కేసులతో పాటు విమానమెక్కి గుడుపల్లెకు వచ్చేస్తే? కబురు పాత అడ్రసుకే పోతుంది. మన బిడ్డ మాత్రం అదే సీట్లో కూర్చుంటుంది.

అట్లని బిడ్డను ఒళ్లో పెట్టుకోవద్దు తల్లీ. గట్టిగా బ్రేకు పడితే ఏ చేతులూ ఆపలేవు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా తీసుకుపోతే వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. సొంత కారు లేనోళ్లకు ఇదెందుకని అనుకోవద్దు. జ్వరమొచ్చిన బిడ్డను కుప్పం ఆస్పత్రికి తీసుకుపోయేది మా బాడుగ కార్లలోనే కదా.

ఇక సీట్లోనే లోపం ఉంటే ఊరుకోనక్కర్లేదు. 2019లోనే వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ప్రమాదకరమైన సరుకును వెనక్కి రప్పించి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది. ఫిర్యాదు పట్టుకుని ఢిల్లీకి పోనక్కర్లేదు, కలెక్టరుకే రాసివ్వొచ్చు. సోమవారం చిత్తూరు గ్రీవెన్సుకు అర్జీలు ఎన్నిటికో పోతాము, దీనికీ పోదాం. ఫోన్లో అయితే 1915. బిల్లు, సీటు ఫొటో దగ్గర పెట్టుకోండి.

ఈ రోజే మీ ఇంట్లో సీటు ఉంటే బోర్లించండి. స్టిక్కర్ మీద మోడల్ నంబరు, తయారైన తేదీ ఉంటాయి. ఫొటో తీసి, కంపెనీ సైట్లో ఆ నంబరు రీకాల్లో ఉందేమో చూడండి. అమెరికా నుంచి వచ్చినదైతే అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (NHTSA) సైట్లో తెలుస్తుంది. బకిల్‌ను పదిసార్లు వేసి తీయండి. ఇచ్చినవాళ్లను "ఇది యాక్సిడెంటులో ఉండిందా?" అని మొహమాటం లేకుండా అడగండి.

చదవడం రాకపోతే సీటు పట్టుకుని గుడుపల్లె రైల్వే స్టేషన్ దగ్గర మా కార్ల స్టాండుకు రండి. చూసి చెప్తాము, డబ్బులు అక్కర్లేదు. పనికిరాదని తేలిన సీటును ఇంకొక ఇంటికి ఇవ్వకండి. పాత సామాన్ల బండికి వేసే ముందు కత్తి తీసుకుని బెల్టులన్నీ కోసెయ్యండి.

ఇట్లు,
గుడుపల్లె బాడుగ కార్ల డ్రైవర్లు