కొరియా భాషకు యంత్రమా, నిఘంటువా?

కొరియా భాష నేర్వగోరు బాలబాలికలు మన హనుమాన్ జంక్షను ప్రాంతమునందును కానవచ్చుచున్నారు. కొందఱకు కొరియా నాటకములపై మోజు. కొందఱకు ఉద్యోగముపై ఆశ. ఆశకు కారణము లేకపోలేదు. కియా అను కొరియా కార్ల సంస్థ 2017లో మన రాష్ట్రప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, పెనుకొండ చెంత కర్మాగారము కట్టి, 2019లో కార్లు తయారుచేయ మొదలిడెను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును ఉన్నతపాఠశాలలలో నేర్పదగిన విదేశభాషలలో కొరియా భాషను పేర్కొన్నది. కావున మాటలు మార్చు యంత్రమును కొనవలెనా, నిఘంటువు చాలునా యని తలిదండ్రులు అడుగుట సహజమే. తోట అమ్మిన సొమ్ము వెచ్చించుటకు ముందు నా అభిప్రాయమును ఆలకింప వేడెదను. యంత్రము ప్రయాణికునకు; విద్యార్థికి నిఘంటువు.

యంత్రము వాక్యమంతయు మార్చి యిచ్చునేగాని, ఏ మాటకు ఏ మాట వచ్చెనో బోధింపదు. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు. తెలుగునుండి కొరియా భాషకు పోవునపుడు ఇట్టి యంత్రములు తఱచుగా ఇంగ్లీషు మీదుగా పోవును. మనవలెనే కొరియావారును క్రియను వాక్యము కడపటనే నిలుపుదురు. ప్రత్యయములను మాట వెనుకనే చేర్తురు. తాతగారిని మనము "తిను" అనము, "భోజనము చేయండి" అందుము. వారును సామాన్యముగా తినుటకు "మొక్తా" అనియు, పెద్దలు తినుటకు "తుషిదా" అనియు వేఱు మాటలు వాడుదురు. ఇంగ్లీషున రెంటికిని ఒక్కటే మాట. ఆ వంతెన దాటునపుడు మన "అండి" ఏటిలో జాఱిపడవచ్చును. కర్మాగారమున పై యధికారితో పసివానితోవలె మాటలాడిన పిల్లవాడు, తప్పు నాది కాదు, యంత్రముదని చెప్పుకొన వినువారెవరు?

నిఘంటువనగా ఏదైనను చాలునని కాదు. కొరియా క్రియలన్నియు నిఘంటువున "దా" అను ముగింపుతో నుండును. వెళ్లుట "కదా". (మన కదా కాదు సుమా!) అదియే సభలో "కమ్నిదా", పరిచితులతో "కయో", గడచినదానికి "కస్సుమ్నిదా" అగును. ధాతువెఱుగనివానికి అచ్చుపుస్తకమున ఇవి దొరకవు. కావున విన్న రూపమును కొట్టగానే ధాతువును చూపి, ఉచ్చారణ వినిపించి, ఉదాహరణవాక్యములిచ్చు ఎలెక్ట్రానిక్ నిఘంటువే మేలు. కొరియా జాతీయభాషాసంస్థవారు విద్యార్థులకై కూర్చిన నిఘంటువు రుసుము లేకయే సెల్‌ఫోనున దొరకును. అందు తెలుగు అర్థములు లేవు, ఇంగ్లీషు అర్థములున్నవి. అయినను మన్నన మాటకు మన్నన మాట యను గుఱుతు పెట్టియుందురు. యంత్రము జాఱవిడుచునది అదియే గదా!

కొరియా మాటలను ఇంగ్లీషు అక్షరములలో మాత్రమే చూపు నిఘంటువును ముట్టకుడు. సెజోంగు రాజు 1446లో ప్రకటించిన వారి లిపిలో మూలాక్షరములు 24 మాత్రమే. గుణింతములు దిద్దిన చేతికి అదియొక భారమా?

ఇంతచెప్పినను యంత్రమే కావలెనన్నచో, అందు తెలుగు ఉన్నదో లేదో మొదట అడుగుడు. ఉన్నచో అంగడిలోనే "ఈ యేడు చిన్నరసము కాపు బాగున్నది" అని నూజివీడు తోటలలోని మాటను దానికి చెప్పుడు. వచ్చిన కొరియా వాక్యమును మరల తెలుగునకు మార్పింపుడు. చిన్నరసము మామిడిపండుగా తిరిగివచ్చునో, గిన్నెడు చారుగా తిరిగివచ్చునో చూచి, ఆపై వెల చెల్లింపుడు.