ఎవరిని చూసి నవ్వారు?

2011 మే నెలలో అమెరికాలో విడుదలయిన ‘బ్రైడ్స్‌మెయిడ్స్’ అనే హాస్యచిత్రాన్ని గురించి అక్కడి ప్రేక్షకులు రెండు పక్షాలుగా చీలి చాలా రోజులు వాదించుకున్నారు. అది పచ్చి బూతు అన్నది ఒక పక్షం. అది స్త్రీల విజయం అన్నది రెండో పక్షం. సముద్రాలు దాటి ఈ వాదాలు మన దాకా వచ్చాయి. సినిమాలను గురించి ఆలోచించే మన విద్యార్థులు కొందరు రెండో పక్షాన్ని పట్టుకున్నారు. వారి ఉపాధ్యాయులు కొందరు మొదటి పక్షంలో మిగిలిపోయారు. ఎటూ చేరనివారు, “అమెరికా సరుకు, దాని సంగతి మనకెందుకు?” అని పెదవి విరుస్తారు. ఈ మూడు రకాలవారూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. ఆ చిత్రంలో మూతపడ్డ దుకాణం వారిలో ఎవరి కంటా పడలేదు.

దుకాణం సంగతి చిత్రం దాచిపెట్టలేదు. మొదట్లోనే చూపించింది. యానీ అనే ముప్ఫై దాటిన స్త్రీ మిల్వాకీ నగరంలో కేకుల దుకాణం పెట్టుకున్నది. ఆర్థిక మాంద్యం వచ్చింది. దుకాణం పోయింది, దాచుకున్నది పోయింది, ప్రేమించినవాడూ పోయాడు. ఇప్పుడామె ఒక నగల కొట్లో, ఉంగరాలు కొనవచ్చే జంటలకు ముఖాన నవ్వు పులుముకుని సరుకు చూపించే ఉద్యోగం చేస్తున్నది. ఆ ఉద్యోగమూ నిలవదు. ఇంట్లో వాటాదారులు పొమ్మంటే తల్లి ఇంటికి చేరుతుంది. ఈ దశలో ఆమె చిన్ననాటి స్నేహితురాలు లిలియన్‌కు పెళ్లి కుదురుతుంది. వారి ఆచారం ప్రకారం పెళ్లికూతురి వెంట నిలబడే తోడుపెళ్లికూతుళ్లకు యానీ పెద్ద. వేడుకలన్నీ ఆమే నడిపించాలి. కాని పెళ్లికొడుకు పైఅధికారి భార్య హెలెన్ అక్కడ తయారవుతుంది. హెలెన్‌కు డబ్బున్నది, తీరికున్నది, పలుకుబడి ఉన్నది. చిత్రమంతా ఈ ఇద్దరి పోటీయే. ఒకరి చేతిలో ఆస్తి, మరొకరి చేతిలో చిన్ననాటి జ్ఞాపకాలు. ఇటువంటి పోటీ ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ‘పెట్టుబడి’ గ్రంథం తిరగెయ్యనక్కర లేదు.

బూతు అన్నవారు ముఖ్యంగా పట్టుకున్నది పెళ్లిబట్టల దుకాణంలో జరిగే సన్నివేశం. యానీ తన స్తోమతకు తగిన ఒక చిన్న బ్రెజిల్ భోజనశాలకు అందరినీ తీసుకుపోతుంది. అక్కడి నుంచి, ముందుగా చెప్పుకోనిదే గడప దాటనివ్వని ఒక బట్టల దుకాణానికి పోతారు. లోపలికి పోగలగడం హెలెన్ పరపతి వల్లనే. అక్కడ తిన్నది వికటిస్తుంది. ఖరీదయిన గౌనులు తొడుక్కున్న ఆడవాళ్లకు వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. పెళ్లికూతురు పెళ్లి గౌనుతోనే వీధిలోకి పరుగెత్తి, దారి మధ్యన కూలబడుతుంది. హాలులో సగంమంది పొట్టలు పట్టుకున్నారు, మిగిలినవారు ముక్కులు మూసుకున్నారు.

అందరూ వాంతులను చూశారు. యానీ ముఖాన్ని చూసినవారెంతమంది? ఆమె హెలెన్ ఎదుట నిలబడి, ఒళ్లంతా చెమటలు కారుతుండగా, తనకేమీ కాలేదని బుకాయిస్తుంది. హెలెన్ ఒక చక్కెరపూత బాదంపప్పు అందిస్తే దాన్ని నవ్వుతూ నమిలి చూపిస్తుంది. కడుపులో దేవుతున్న మనిషి ఆ పప్పు ఎందుకు తిన్నది? తాను పెట్టించిన భోజనం చెడ్డదని ఒప్పుకుంటే తన పేదరికాన్ని ఒప్పుకున్నట్టే కనుక. లేనివాళ్లు ఉన్నవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు ఆకలి లేదంటారు, చలి వెయ్యడం లేదంటారు, ఇంటికి నడిచిపోవడమే తమకు ఇష్టమంటారు. ఆ అబద్ధం పేరు మర్యాద. ఆ సన్నివేశంలో నిజంగా సిగ్గుపడవలసినది ఏమైనా ఉంటే ఈ మర్యాదే, వాంతులు కాదు.

అమెరికాలో 1968 నుంచీ చిత్రాలకు తరగతులు కట్టి ముద్రలు వేసే పద్ధతి ఉన్నది. ‘ఆర్’ ముద్ర పడిన చిత్రానికి 17 ఏళ్లు నిండనివారు పెద్దల తోడు లేకుండా రాకూడదు. ఈ చిత్రానికి ఆ ముద్ర వేయడానికి చెప్పిన కారణాలు శృంగారమూ, మాటల మోటుతనమూను. చేతిలో డబ్బు లేని మనిషి నలుగురిలో పడే అవమానానికి మాత్రం ఏ ముద్రా లేదు. దాన్ని పసిపిల్లలకు కూడా నిక్షేపంగా చూపించవచ్చు కాబోలు!

ఇక రెండో పక్షం. వీరి కోపంలో న్యాయం లేకపోలేదు. 2007లో క్రిస్టఫర్ హిచెన్స్ ‘వానిటీ ఫేర్’ పత్రికలో, స్త్రీలకు హాస్యం ఎందుకు చేతకాదో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. (ఈయన ఒకప్పుడు ట్రాట్‌స్కీ అనుయాయి. వామపక్షం వదిలి వెళ్లినవారికి ఇటువంటి పరిశోధనలు చేసే తీరిక చిక్కుతుంది.) హాలీవుడ్ వారి ఆచరణ కూడా ఆయన సిద్ధాంతానికి దూరంగా లేదు. మోటు హాస్యమంటే మగవాళ్ల ఆస్తి. అందులో ఆడవాళ్లు మందలించడానికో, ముద్దు పెట్టుకోవడానికో వస్తారు. క్రిస్టెన్ విగ్, యానీ మ్యుమోలో అనే ఇద్దరు స్త్రీలు ఆ హద్దు దాటి కథ రాశారు. ఆ కథనానికి ఆస్కార్ పోటీలో స్థానం దొరికింది. మెగన్ పాత్ర వేసిన మెలిస్సా మెకార్తీకీ దొరికింది. మంచిదే. దీన్ని కాదనేవాడు మూర్ఖుడు.

కాని ఆ తరవాత జరిగిందేమిటి? మొదటి వారంలోనే టిక్కెట్టు కొనడం సామాజిక బాధ్యత అని పత్రికలలో రాశారు. ఈ చిత్రం ఓడితే స్త్రీల చిత్రాలు ఇక రావన్నారు. అంటే స్త్రీల గౌరవం గల్లాపెట్టె మీద ఆధారపడి ఉన్నదన్నమాట! గల్లాపెట్టె నిండింది. సుమారు 3 కోట్ల 25 లక్షల డాలర్లు పెట్టి తీసిన చిత్రం ప్రపంచమంతటా 28 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. దాన్ని పంచిపెట్టిన యూనివర్సల్ సంస్థ ఆ సంవత్సరం జనవరిలోనే కామ్‌కాస్ట్ అనే కేబుల్ కంపెనీ అదుపులోకి పోయి ఉన్నది. బాధ్యతగా టిక్కెట్టు కొన్న స్త్రీల విజయం మొట్టమొదట ఆ కంపెనీ లెక్కపుస్తకాలలో నమోదయింది. పోరాటం చేసినవారు డబ్బిచ్చి బయటికి రావడం, ఎవరితో పోరాడారో వారే ఆ డబ్బు పుచ్చుకోవడం, ఇటువంటి పోరాటాన్ని ఏ పెట్టుబడిదారు కాదంటాడు?

పైగా ఆ నవ్వు ఎలా తయారయిందో కూడా తెలుసుకోవాలి. దర్శకుడు పాల్ ఫీగ్, నిర్మాతలలో ఒకరైన జడ్ ఆపటోల పద్ధతి ఒకటున్నది. విడుదలకు ముందు చిత్రాన్ని ప్రేక్షకులకు చూపుతారు. హాలులో నవ్వులను రికార్డు చేస్తారు. ఆ రికార్డును చిత్రంతో జతపరిచి, నవ్వు పలచబడినచోట కత్తెర వేస్తారు. జనం ఎక్కడ నవ్వుతారో తూచి, అక్కడే మళ్లీ నవ్విస్తారు. బట్టల దుకాణం సన్నివేశం రచయిత్రులు మొదట రాసుకున్నది కాదు. దర్శక నిర్మాతల సూచన మీద వచ్చి చేరింది. బాదంపప్పు నమిలే యానీని మధ్యలో నిలబెట్టి ఆ సన్నివేశాన్ని కథ తనదిగా చేసుకోగలిగింది. గొప్ప విషయమే. అయితే యంత్రం రికార్డు చేసేది నవ్వునే. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయినవారిని అది లెక్కపెట్టలేదు.

లెక్కపెట్టవలసిన చోటు విమానంలో ఉన్నది. పెళ్లికి ముందు విహారానికి లిలియన్ తల్లిదండ్రులకు సరస్సు పక్కనున్న ఇంటికి పోదామన్నది యానీ మాట. లాస్ వేగాస్ పోదామన్నది హెలెన్ మాట. వేగాస్‌కే పోతారు. మిగిలినవారందరూ మొదటి తరగతిలో కూర్చుంటారు. హెలెన్ టిక్కెట్టు కొనిపెడతానంటే యానీ వద్దని, వెనక చౌక తరగతిలో కూర్చుంటుంది. ఆమెకు విమానమంటే భయం. హెలెన్ ఇచ్చిన మాత్ర మింగి, దాని మీద మద్యం తాగి, మత్తులో మాటిమాటికీ తెర తొలగించుకుని స్నేహితురాళ్ల దగ్గరికి వస్తుంది. ఉద్యోగి మాటిమాటికీ ఆమెను తెర వెనక్కి పంపిస్తాడు. చివరికి గొడవ ముదిరి, విమానాన్ని వయోమింగ్ రాష్ట్రంలో దించి అందరినీ బస్సులో వెనక్కి పంపుతారు.

చిత్రంలో బాగా నవ్వించే ఘట్టాలలో ఇదొకటి, నవ్వవలసిందే. కాని ఆ తెర కేసి చూడండి. ఒకే విమానం, ఒకే ప్రమాదం, ఒకే గమ్యం. మధ్య ఒక గుడ్డపీలిక. అటువైపున్నది ఆమె ప్రాణస్నేహితురాలు. ఆమె తాగకుండా ఉండి ఉంటే ఆ తెరను చూసి ఊరుకునేది, ప్రపంచంలో అందరూ ఊరుకున్నట్టే. మత్తెక్కింది కనుక, ఈ గుడ్డ ఇక్కడెందుకు ఉండాలి అని ప్రశ్నించింది. ప్రేక్షకుడు నవ్వింది ఆమె మత్తును చూసా, ఆ గుడ్డను చూసా? ఆ హాలులో కూర్చున్నవారిలో అత్యధికులు జన్మలో మొదటి తరగతి ముఖం చూడనివారే. వారి నవ్వులో వారి అనుభవం తప్పకుండా ఉన్నది. మరునాడు పత్రికలలో రాసినవారే దాన్ని వాంతులతో కలిపి ఊడ్చేశారు.

ఇది గాలిలో తేలే కథ కాదు. 2009 అక్టోబరులో అమెరికాలో నిరుద్యోగం నూటికి 10కి చేరింది. మిల్వాకీ ఉన్నది విస్కాన్సిన్ రాష్ట్రంలో. చిత్రం విడుదలకు కొద్ది నెలల ముందు, 2011 ఫిబ్రవరి మార్చి మాసాలలో, ఆ రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో వేలాది ఉపాధ్యాయులూ, ప్రభుత్వోద్యోగులూ, విద్యార్థులూ శాసనసభా భవనంలో బైఠాయించారు. ప్రభుత్వోద్యోగుల సమిష్టి బేరసారాల హక్కును దాదాపు తుడిచిపెట్టే చట్టాన్ని గవర్నరు స్కాట్ వాకర్ తెచ్చాడు. మార్చి 11న సంతకం చేశాడు. చిత్రం షూటింగు అంతకు ముందే అయిపోయింది కనుక ఆ పోరాటం ఇందులో లేదని నేను నింద వేయను. కాని ఆ ఊరి మనిషి దివాలా కథ తెర మీద నడుస్తుంటే, అదే రాష్ట్రంలో అప్పుడే జరిగినదాన్ని తలుచుకోకుండా, స్త్రీలు మోటు హాస్యం చేయవచ్చునా అని నెలల తరబడి చర్చించినవారిని ఏమనాలి?

మూడో రకం మిత్రులకు ఒక్క మాట. మోటుతనం ఉన్నచోట జీవితం ఉండదని మీకు ఎవరు చెప్పారు? ‘కన్యాశుల్కం’ నాటకంలో వేశ్య ఉన్నది, తాగుడున్నది, బూతుకు కొదవ లేదు. అది చూసి ముక్కు మూసుకున్న శిష్టులూ ఉన్నారు. గిరీశం మాటలకు ఇంటికి పోయేదాకా నవ్వుకుని, బుచ్చమ్మ వైధవ్యాన్ని హాలులోనే వదిలేసిపోయిన రసికులూ ఉన్నారు. మనం ఆ ఇద్దరితోనూ పోట్లాడి ఆ నాటకాన్ని దక్కించుకున్నాము. హాలీవుడ్ చిత్రాన్ని గురజాడ పక్కన కూర్చోబెట్టడం నా ఉద్దేశం కాదు. అంత మతి పోలేదు. నవ్వే జనాన్ని అసహ్యించుకునే విమర్శకుడికి ఆ జనంతో మాట్లాడే హక్కు ఉండదని మాత్రం అంటున్నాను.

ఇంతా చెప్పి, చిత్రం చేసిన ద్రోహాన్ని దాచనక్కర లేదు. అన్నీ పోగొట్టుకుని తల్లి ఇంట్లో పడి ఉన్న యానీ దగ్గరికి మెగన్ వస్తుంది. తాను పడిన కష్టాలు చెప్పి, నీ సమస్యవు నువ్వే, నీ పరిష్కారానివీ నువ్వే అన్న అర్థం వచ్చేలా మందలిస్తుంది. నటి ప్రతిభ వల్ల ఆ మాటలు గుండెకు తగులుతాయి. చాలామంది మెచ్చుకున్న ఘట్టం కూడా. అయితే 2008 అక్టోబరులో బ్యాంకులను నిలబెట్టడానికి 70 వేల కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టే అధికారాన్ని అమెరికా శాసనసభ ప్రభుత్వానికి ఇచ్చింది. మీ సమస్య మీరేనని ఆ బ్యాంకులకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట కేకులమ్ముకునేదానికి మిగిలింది!

యానీని ప్రేమించే రోడ్స్ అనే పోలీసు కూడా మంచివాడే. మళ్లీ దుకాణం పెట్టమంటాడు. పిండీ పంచదారా కొని తెచ్చి ముందు పెడతాడు. ఆమెకు కోపం వచ్చి వెళ్లిపోతుంది. చిత్రం ఆ కోపాన్ని ఆమె మొండితనం కింద జమకడుతుంది. నాకు మాత్రం ఆ కోపమే ఈ చిత్రంలోకెల్లా తెలివయిన మాటగా తోచింది. పిండి లేక మూతపడలేదు ఆ దుకాణం.

అంతకుముందు ఒక రాత్రి ఆమె ఒక్కతే వంటగదిలో నిలబడి ఒకే ఒక్క చిన్న కేకు చేస్తుంది. దాని మీద పువ్వును ఎంతో ఓపికగా తీర్చిదిద్ది, కాసేపు చూసుకుని, తానే తినేస్తుంది. అక్కడ నవ్వేందుకేమీ లేదు. నవ్వులు రికార్డు చేసే యంత్రానికి పని లేదు. తరవాత ఆమె మరో కేకు చేస్తుంది. అమ్మడానికి కాదు, రోడ్స్‌కు క్షమాపణ చెప్పుకోవడానికి. ఆఖరున పెళ్లి జరుగుతుంది, పాట పాడతారు, హెలెన్ కూడా పాపం ఒంటరిదేనని తేలుతుంది, యానీ పోలీసు కారెక్కి వెళ్లిపోతుంది. దుకాణం తలుపు తెరవరు. తెరవలేదేమని అడిగిన సమీక్ష ఒక్కటీ నా కంట పడలేదు.